పాలకారుకు పెళ్లికారు పంపు

ఉదయం ఐదు నలభైకి మా మూడు టన్నుల ట్రక్కు ఫంక్షన్ హాలు గేటు ముందు ఆగింది. సన్నటి వాన. గేటు మీద ఎవరిదో పెళ్లి బ్యానరు సగం ఊడి వేలాడుతోంది. కంచన్‌బాగ్ దాటి, రాళ్లగుట్ట చుట్టూ తిరిగితే వచ్చే బస్తీ అది. పైన చెరువు కట్టకు గండి పడింది. నాలా పొంగింది. పల్లంలో ఉన్న ఇళ్లలో నడుముల దాకా నీళ్లు. అప్పుడు మమ్మల్ని పిలిచారు.

హాలే మా క్యాంపు. జవాన్లు పెళ్లి స్టేజీ మీద పక్కలు పరుచుకున్నారు. వధూవరులు కూర్చునే ఎర్ర మఖ్‌మల్ కుర్చీలు రెండున్నాయి. ఒకదాని మీద రేడియో సెట్టు పెట్టారు. రెండోదాని మీద పనిముట్ల పెట్టె. బిర్యానీ వండే పెద్ద డేగులో పప్పు ఉడికింది. నా సామాను ఇంతే: గమ్‌బూట్లు, రెయిన్‌కోటు, టార్చి, రెండు జతల యూనిఫాం, పాలిథిన్ కవరులో చుట్టిన డైరీ, ఇంకో కవరులో ఒక నవల. నవల సంగతి ఎవరికీ చెప్పలేదు.

నేనప్పుడు లెఫ్టినెంట్‌ని, బండ్లు బాగుచేసే విభాగంలో. నాకిచ్చిన ఆర్డరు రెండు ముక్కలు. నాలా దగ్గర నీళ్లు తోడే పెద్ద పంపు ఆగకూడదు. మునిగిన బండ్లు దారికి అడ్డంగా ఉండకూడదు. నాతో ఒక హవల్దారు మెకానిక్, ఒక సిగ్నల్ జవాను, ఆరుగురు సిపాయిలు. హవల్దారుది శ్రీకాకుళం వైపు. సిగ్నల్ జవానుది హర్యానా.

నా గొంతు చిన్నది. బడిలో హాజరు పిలిచినప్పుడు నేను పలికినా ఆబ్సెంటే పడేది. మొదటి రోజు రేడియోలో మాట్లాడితే బేస్ నుంచి కసురు వచ్చింది.

"స్టేషన్ టూ, ఆవాజ్ నహీఁ ఆ రహీ. ఓవర్."

మళ్లీ చెప్పాను.

"స్టేషన్ టూ, అప్నా సెట్ చెక్ కరో. ఓవర్."

సిగ్నల్ జవాను నా వైపు చూశాడు. చూపు తిప్పుకొని మైకు తీసుకున్నాడు. "సెట్ ఠీక్ హై సర్. ఓవర్." ఆ తరువాత నేను మెల్లగా చెప్పడం, అతను గట్టిగా అరవడం మా మధ్య ఒప్పందమైంది.

మిలిటరీలో పనిచేశానంటే మా బేగంబజార్‌లో మొదట సరిహద్దు గురించి అడుగుతారు. మంచు చూశావా, తుపాకి పేల్చావా అని. మంచు చూశాను. పరీక్షకు తప్ప తుపాకి పేల్చలేదు. నాకు బాగా గుర్తున్న డ్యూటీ మాత్రం ఇంటికి గంట దూరంలో చేసింది. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా ఇంటికి పోలేదు. ఆర్డరు లేదు.

ముందు ఆ చోటు చెప్పాలి. బస్తీకి ఎగువ చివర గుట్ట మీద ఒక గల్లీ ఉంది. బర్రెలు పెట్టుకొని పాలమ్మే కుటుంబాలు ఏళ్లుగా అక్కడే ఉంటున్నాయి. గల్లీ చివర నుంచి దారి నిటారుగా కిందికి దిగుతుంది. దిగాక ఎదురుగా నాలా. కల్వర్టు గోడ వరదలో కొట్టుకుపోయింది. నాలాకు కాస్త ముందే ఎడమకు తిరగాలి, అక్కడ సిమెంటు రోడ్డు మొదలవుతుంది. తిరగని బండికి ఎదురుగా ఇక నీళ్లే. గోడ ఉండాల్సిన చోట మేము తాడు కట్టి, దానికి ఎర్రగుడ్డ పీలికలు వేలాడదీశాం. తాడు మనిషిని ఆపుతుంది. కారును ఆపదు.

నాలుగో రోజు ఉదయం ఎనిమిది దాటింది. గుట్ట మీద ఏదో కూలిన చప్పుడు, వెంటనే లొల్లి. హవల్దారు, నేను పైకి పరుగెత్తాం.

తెల్లటి పాత డీజిల్ కారు ఒకటి గడ్డిమోపుల కుప్పలోకి ముక్కు దూర్చి ఆగి ఉంది. వెనక సీటు తీసేసి ఆ చోట పాలక్యాన్లు పెట్టారు. ఒకటి దొర్లి పాలు కారుతున్నాయి. డ్రైవరు సీటులోంచి ఒకతను కుడికాలు కింద ఆనించకుండా దిగాడు. కారు అతనిదే. పేరు మల్లేష్.

"ఏమైంది అన్నా?"

"బిరెక్ రాయి లెక్కయింది మేడం. తొక్కితే దిగుతలేదు. ముంగట వాలున్నది. భయమైంది. గడ్డిల గుద్దిన."

"కాలికేమైంది?"

"నిన్న నీళ్లల్ల పలుపు ఇప్పుతాంటే బర్రె తొక్కింది."

హవల్దారు బానెట్ ఎత్తుతూ, "బర్రె తొక్కిన కాలుతో నువ్వు బ్రేకు తొక్కినావు. అదేటి వింటాది బాబూ?" అన్నాడు.

ఇంజను పక్కన, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వెనక భాగం నిండా నల్లటి నూనె. అక్కడే ఉంటుంది బ్రేకుకు సాయం చేసే చిన్న పంపు, పిడికిలంత. పెట్రోలు ఇంజను గాలిని తానే గట్టిగా పీల్చుకుంటుంది. ఆ పీల్పుతోనే బ్రేకు పెడల్ మెత్తగా దిగుతుంది. డీజిల్ ఇంజనుకు ఆ పీల్పు లేదు. అందుకని దానికి ఒక చిన్న పంపు పెడతారు. అది గొట్టంలోంచి గాలిని లాగేస్తూ ఉంటుంది. బ్రేకు వెనక ఉండే డబ్బాలో గాలి లేకుండా పోతే, కాలు పది వంతులు తొక్కాల్సిన చోట రెండు వంతులు తొక్కితే చాలు. పంపు పోతే బ్రేకు ఉంటుంది, కానీ రాయిలా ఉంటుంది.

హవల్దారు ఇంజను నడిపించి, గొట్టం ఊడదీసి చూశాడు. పీల్పు లేదు. లోపల ఏదో గరగరమంటోంది.

"పంపు పోనాది మేడం."

"బండి ఈరోజు కదలడానికి వీల్లేదు," అన్నాను. మెల్లగానే అన్నాను. మల్లేష్ వినేశాడు.

"గట్లనకుండ్రి మేడం. మా అమ్మను దవాఖానకు తీస్కపోవాలె. కిడ్నీలు పని చెయ్యవు, మిషిను మీద రక్తం సాఫ్ చేస్తరు. మొన్న పోవాల్సిన దినం గీ నీళ్లల్ల పోయింది. ఇయ్యాల రెండు గంటలకు రమ్మన్నరు. రాకుంటే మిషిను ఇంకోలకు ఇస్తమన్నరు."

పాలకొట్టం రేకుల కింద యాదమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. మూడు మాటలు మాట్లాడి ఊపిరి కోసం ఆగుతోంది. ఆగినా మాట్లాడటం మానలేదు.

"మిల్ట్రీ అంటే... మీసాలుంటయ్... అనుకున్న. గీ పోరినా?"

నేను నవ్వాను.

"ఏ ఊరు బిడ్డా?"

"బేగంబజార్ అమ్మా. మాది గిన్నెల దుకాణం."

ఆమె కళ్లు పెద్దవి చేసింది. కోడలిని పిలిచింది. "లలితా... గా కారే క్యాను... యాడ కొన్నం?"

"బేగంబజార్లనే అత్తా."

"చూసినవా? వీళ్ల బాపే... అంటగట్టిండు." అని, ఊపిరి అందక ఛాతీ పట్టుకుంది. లలిత వీపు రాసింది. నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

రేడియోలో బేస్‌లో ఉన్న మా డాక్టరు గారికి చెప్పించాను. జవాబు చిన్నది, ఈరోజే తీసుకెళ్లాలని. "ఆజ్ హీ. కల్ నహీఁ. ఓవర్." అంబులెన్సు అడిగాం. సాయంత్రం తరువాత చూస్తామన్నారు. మా చిన్న బండి పడవల వాళ్లతో వేరే బస్తీలో ఉంది. ట్రక్కు అడిగాం.

"ట్రక్ నహీఁ హిలేగా. ఉసీ సే పంప్ చల్ రహా హై. పంప్ బంద్ హువా తో బస్తీ ఫిర్ డూబేగీ. ఓవర్."

అది నిజమే. నాలా పంపు ట్రక్కుతోనే నడుస్తోంది, ఆపితే బస్తీ మళ్లీ మునుగుతుంది. మెయిన్ రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లలో ఆటోలు వరసగా ఆగిపోయి ఉన్నాయి. ఈ పాత డీజిల్ కారు మాత్రం ఆ నీళ్లు దాటగలదు. ముందురోజు దాటింది కూడా.

"నాను తోలెస్తాను మేడం. ఎనభై కేజీలున్నాను. ఎక్కి తొక్కితే ఆగదేటి?" అన్నాడు హవల్దారు.

వాలు వైపు చూశాను. కింద తాడుకు ఎర్ర పీలికలు ఊగుతున్నాయి. తాడు దాటితే గోధుమరంగు నీళ్లు పరుగెత్తుతున్నాయి. ఆ తరువాత నయాపూల్ దాటి దవాఖాన దాకా జనంతో నిండిన రోడ్లు. మా వర్క్‌షాప్‌లో ఒక నియమం ఉంది. బ్రేకు సరిగా లేని బండి గేటు దాటదు. గేటు దగ్గర జనరల్ నిలబడి ఉన్నా సరే.

"వద్దు. బ్రేకు బాగు చేసే పంపుదాం."

"ఏ పంపుతో మేడం? కొత్తది కావాలంటే సిటీలోకి పోవాల."

అప్పుడు గుర్తొచ్చింది. రెండో రోజు పల్లంలోంచి ఒక కారు లాగి, ఇదే గల్లీ మొదట్లో పెట్టించాం. ఇదే రకం, ఇదే రంగు. బానెట్ మీద బంతిపూల దండ కుళ్లి అంటుకొని ఉంది. పెళ్లిళ్లకు అద్దెకు తిప్పే కారు. యజమాని ఖాజా భాయ్ రోజూ పొద్దున వచ్చి, నాలుగు తలుపులు తెరిచి, సీట్లు ఆరబెట్టి, సాయంత్రం మూసుకొని పోతున్నాడు. దాని ఇంజనులోకి నీళ్లు పోయాయి. అది ఇప్పట్లో నడవదు. పంపు మాత్రం బతికి ఉండొచ్చు.

అడగడానికి మొహమాటపడ్డాను. వేరొకరి ఉపాధి అది. మల్లేషే కుంటుకుంటూ వచ్చి విషయం చెప్పాడు. ఖాజా భాయ్ సగం వినగానే చెయ్యి ఊపాడు.

"అరె, పూఛ్నా క్యా హై? యాదమ్మ ఇంటి పాలు తాగి పెరిగినోన్ని మేడం. పంపు ఏంది, ఇంజనే ఇప్పుకోండ్రి." తరువాత బానెట్ మీద చెయ్యి వేసి అన్నాడు: "ఎంతమంది దూల్హాలు కూసున్నరో గీ కార్ల. ఒక్కడు గూడ బిరెక్ లేదని ఫిర్యాదు చెయ్యలే. షాదీ అయినంక చేసిన ఫిర్యాదులు నా జిమ్మాలో లేవు."

పది ఇరవైకి పని మొదలుపెట్టాం. పెళ్లికారును తోసుకెళ్లి పాలకొట్టం రేకుల కిందికి చేర్చాం, వాన పడకుండా.

ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తీశాం. తరువాత గాలి పీల్చే గొట్టం. దాని మధ్యలో ఒక చిన్న నల్లటి బిళ్ల లాంటి వాల్వు ఉంటుంది. మల్లేష్ కారు గొట్టం నూనె తాగి పగిలింది కాబట్టి ఈ గొట్టాన్ని, వాల్వును కూడా తీసుకున్నాం. తరువాత పంపుకు నూనె తెచ్చే సన్న పైపు. దాని బోల్టుకు అటొకటి ఇటొకటి రాగి వాషర్లు. కింద నూనె వెనక్కి పోయే లావు గొట్టం. చివరికి పంపును పట్టి ఉంచే మూడు పొడుగాటి బోల్టులు. రెండు హవల్దారు తీశాడు. మూడోది ఇంజనుకు, ఆల్టర్నేటర్‌కు మధ్య సందులో ఉంది. అతని చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది.

"మేడం, మీ చెయ్యే పట్టాల."

చొక్కా చెయ్యి పైకి మడిచి దూర్చాను. బోల్టు కనిపించదు. వేలితో వెతికి, స్పానర్ ఆనించి, పావు మలుపు చొప్పున తిప్పాను. మోచెయ్యి చర్మం రేకుకు గీసుకుపోయింది. బోల్టు వదులై వేళ్ల మధ్యకు వచ్చినప్పుడు, సూదిలో దారం ఎక్కినట్టు అనిపించింది. పంపును నేరుగా వెనక్కి లాగాను. వచ్చింది. దానితో పాటు నూనె కూడా. పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఉంది. నీళ్లు కలిశాయి.

అందుకని పంపు వెనక మూత కూడా విప్పాం. లోపల ఒక గుండ్రటి ముక్క, దాని గాట్లలో మూడు పలచని రెక్కలు. గీతలు లేవు. బాగున్నాయి. డీజిల్‌తో కడిగి మళ్లీ కూర్చాలి.

మా వర్క్‌షాప్‌లో మొదటి రోజే నేర్పే పద్ధతి ఒకటుంది. తీసిన ప్రతి ముక్కను గుడ్డ మీద ఎడమ నుంచి కుడికి, తీసిన వరుసలో పేర్చాలి. ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పైకి. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు రావాలి. గుర్తుంచుకోవాల్సిన పని లేదు. గుడ్డే గుర్తుంచుకుంటుంది. అరుగు మీద తువ్వాలు పరిచి అలాగే పేర్చాం. తరువాత మల్లేష్ కారు పాత పంపు తీయడానికి వాకిట్లోకి పోయాం.

అది మొండికేసింది. గడ్డి పోగులు, నూనె, ఎన్నో ఏళ్ల దుమ్ము కలిసి బోల్టులను అంటుకున్నాయి. ముప్పావు గంట పట్టింది. విప్పి చూస్తే రెక్కల్లో ఒకటి మూడు ముక్కలైంది. హవల్దారు ఆ ముక్కలను అరచేతిలో పెట్టి మల్లేష్‌కు చూపించాడు. "ఇదిగో, నీ బ్రేకు."

కొట్టంలోకి తిరిగి వచ్చాం. అరుగు మీద తువ్వాలు లేదు.

తువ్వాలు దండెం మీద ఆరుతోంది. ఉతికారు. పొయ్యి మీద నీళ్లు ఇంకా పొగలు కక్కుతున్నాయి. పాలక్యాన్లు బోర్లించే ఇనుప స్టాండు మీద, క్యాన్ల మూతల పక్కన, మా పంపు ముక్కలన్నీ బోర్లించి ఉన్నాయి. తళతళ మెరుస్తున్నాయి. పంపు డొల్ల, మూత, మూడు రెక్కలు, బోల్టులు, వాల్వు. రాగి వాషర్లను, రబ్బరు రింగును పోకుండా ఒక దారానికి గుచ్చి కట్టారు.

లలిత చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"మస్తు జిడ్డుగుండె మేడం. సోడా ఏసి మరిగిన నీళ్లల్ల రుద్దిన. మా కొట్టంల జిడ్డు సామాను ఉంటే పాలు ఇరుగుతయి. ఒక్కటి గూడ పోలే, చూస్కోండ్రి."

హవల్దారు అరుగు మీద కూలబడ్డాడు. "ఇదేటమ్మా... ఇదేటి సేసినావు!"

"ఏం చేసింది?" యాదమ్మ కుర్చీలోంచి లేచినంత పని చేసింది. "జిడ్డుండె... కడిగింది. తప్పా?"

తప్పు కాదు. ఆ ఇంట్లో ఎవరున్నా అదే చేస్తారు. రోజుకు రెండు పూటలా పాలు పోసే ఇంట్లో, అరుగు మీద జిడ్డు సామాను ఎవరు చూసినా పొయ్యి మీద నీళ్లు పెడతారు. మా పద్ధతి మాది, వాళ్ల పద్ధతి వాళ్లది. రెండూ ఒకే అరుగు మీద పడ్డాయి.

పన్నెండు దాటింది. ముక్కలన్నీ తిరిగి గుడ్డ మీదికి తెచ్చుకున్నాను. నిజంగానే ఒక్కటి పోలేదు. ప్రతి రెక్కకూ ఒక అంచు గుండ్రం, ఒకటి చదును. గుండ్రటి అంచు బయటికి. అది ముక్కే చెబుతుంది. బోల్టులను పొడుగును బట్టి పోల్చుకున్నాను. పొడి పంపు తిరిగితే రెక్కలు గీసుకుపోతాయి కాబట్టి లోపల కొత్త నూనె పోసి, చేత్తో నాలుగు చుట్లు తిప్పాను. ఈలోగా హవల్దారు గొట్టం సంగతి చూశాడు. వాల్వు రెండు కొసలూ ఒకేలా ఉన్నాయి. మామూలుగా పంపు వైపు కొసకు నూనె మరక ఉంటుంది, అదే ఆనవాలు. ఇప్పుడు రెండు కొసలూ పాలసీసాల్లా శుభ్రంగా ఉన్నాయి. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇటే మేడం" అని గొట్టంలో దూర్చాడు. నేను సందులో మూడో బోల్టు బిగిస్తున్నాను. ఊఁ అన్నాను.

ఒంటిగంటకు పది నిమిషాల ముందు ఇంజను స్టార్ట్ చేశాం. నూనె కారడం లేదు. గరగర లేదు. యాదమ్మ అప్పటికే చీర మార్చుకొని, దవాఖాన కాగితాల సంచి ఒళ్లో పెట్టుకొని, కారుకేసి చూస్తోంది. ఖాజా భాయ్ సీటులో కూర్చుని బ్రేకు తొక్కాడు.

"మేడం," అన్నాడు. అతని గొంతులో హాస్యం లేదు. "పత్థర్ హై. గదే రాయి."

రేకుల మీద వాన చప్పుడు ఒకటే. మల్లేష్ తల పట్టుకొని గడ్డి మీద కూర్చున్నాడు. హవల్దారు నా వైపు చూశాడు. యాదమ్మ మాత్రం చూపు తిప్పుకుంది. సంచి పట్టుకున్న వేళ్లు బిగుసుకున్నాయి. ఆమె నన్ను చూడకపోవడమే నాకు ఎక్కువ బరువైంది.

పంపు దగ్గర గొట్టం ఊడదీసి, పంపు మూతికి వేలు అడ్డం పెట్టాను. వేలిని గట్టిగా పట్టుకుంది. దూడ చీకినట్టు. పంపు బాగానే ఉంది. గొట్టం మళ్లీ తగిలించి, బ్రేకు వైపున్న రెండో కొస ఊడదీసి వేలు పెట్టాను. ఏమీ లేదు. మధ్యలో ఉన్నది వాల్వు ఒక్కటే. అది ఒకవైపే గాలిని పోనిస్తుంది. పంపు లాక్కున్న గాలి మళ్లీ బ్రేకు డబ్బాలోకి రాకూడదు, అందుకని.

"ఇంజన్ ఆపండి!"

అందరూ ఉలిక్కిపడ్డారు. నేనూ ఉలిక్కిపడ్డాను. అది నా గొంతే.

వాల్వు తీసి, పంపు వైపు కొస నోట్లో పెట్టుకొని ఊదాను. సోడా రుచి. గాలి హాయిగా పోయింది. పోకూడదు. తిప్పి, రెండో కొసతో ఊదాను. బుగ్గలు ఉబ్బాయి, గాలి కదలలేదు. తలకిందులుగా పెట్టాం. అంతే. ఇంకేమీ కాదు.

లలిత ఒంగి చూసింది. "గింతేనా మేడం? దూడ పాలపీక లెక్కనే. నన్నడిగితే ఊది చెప్తుంటి కదా."

"కడిగినప్పుడే ఊది ఉంటే బాగుణ్ణమ్మా," అన్నాడు హవల్దారు. అతని మొహం నిండా చెమట, నవ్వు.

వాల్వు తిప్పి పెట్టి, క్లిప్పులు బిగించాం. ఇంజను మళ్లీ స్టార్ట్ చేశాం. ఖాజా భాయ్ కాలు పెట్టాడు. పెడల్ అతని కాలి కింద మెత్తగా, పూర్తిగా దిగింది. అతను కళ్లు మూసుకొని, "సుభానల్లా. మఖ్ఖన్!" అన్నాడు.

అతనే నడుపుతానన్నాడు. "పెళ్లికూతుళ్లను తీస్కపోయిన చెయ్యి ఇది. కుదుపుంటే పైసలియ్యకుండ్రి." యాదమ్మను ముందు సీటులో కూర్చోబెట్టాం. మల్లేష్ వెనక పాలక్యాన్ల మధ్య దూరాడు. హవల్దారు కిటికీలోకి ఒంగి, "నీళ్లు దాటాక రెండుసార్లు తొక్కి వదలండి, బ్రేకు తడి ఆరతాది" అని చెప్పాడు. తరువాత ఎర్రజెండా తీసుకొని కిందికి పోయి, తాడు పక్కన నిలబడ్డాడు. నేను పైనే, వాలు అంచున నిలబడ్డాను. వాలులో సగం దూరంలో ఒకసారి ఆపి చూడమని ఖాజా భాయ్‌కి చెప్పాను.

వాన చిక్కబడింది. కారు తెల్లగా, నెమ్మదిగా జారడం మొదలుపెట్టింది. బురద నీళ్లు చక్రాల పక్కన పాయలుగా పారుతున్నాయి. కారు నా నుంచి దూరమవుతున్న కొద్దీ చిన్నదైంది. సగం దూరం వచ్చింది. ఇంకా పోతోంది. ఇంకా.

వెనక రెండు ఎర్రదీపాలు వెలిగాయి.

కారు ఆగింది. జారలేదు, గుంజుకోలేదు. నిండు పాలక్యానును నేల మీద ఆనించినంత మెల్లగా ఆగింది. వానలో ఆ రెండు దీపాలు వెలుగుతూ ఉన్నాయి. వాటి ఎరుపు తడి నేల మీదుగా కొంతదూరం నా వైపు పాకింది. తరువాత ఆరాయి. కారు కదిలి కింది దాకా పోయింది. తాడుకు చాలా ముందే దీపాలు మళ్లీ వెలిగాయి. ఎడమ పక్క పసుపు దీపం మిణుకుమిణుకుమంది. కారు తిరిగి, గోడ చాటున మాయమైంది.

కింద హవల్దారు జెండా పైకెత్తి ఊపాడు. నేను కదలబోతే కుడికాలు రాలేదు. చూస్తే ఎడమ బూటు మడమ దాకా, కుడి బూటు పిక్క దాకా బురదలో ఉన్నాయి. అంతసేపూ నేనూ తొక్కుతూనే ఉన్నాను.

సిగ్నల్ జవాను రేడియో సెట్టుతో నాలా దగ్గర పంపు పక్కన ఉన్నాడు. కిందికి దిగి మైకు నేనే తీసుకున్నాను. "స్టేషన్ టూ. పేషెంట్ రవానా. బ్రేక్ ఠీక్. ఓవర్."

కాసేపు గరగర. "స్టేషన్ టూ, ఆవాజ్ సాఫ్ హై. కౌన్ బోల్ రహా హై? ఓవర్."

సిగ్నల్ జవాను పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. గొంతు ఎవరిదో బేస్‌కు అంతుపట్టలేదు. మైకు అతనికే ఇచ్చేశాను.

చీకటి పడుతుండగా కారు తిరిగి వచ్చింది. మెషీను సమయానికి అందింది. యాదమ్మ కొడుకు భుజం పట్టుకొని, తన కాళ్ల మీదే దిగింది. చెప్పులు వేసుకొని ఉంది. నన్ను దగ్గరికి పిలిచింది.

"పోరీ, గా కారే క్యాను సంగతి నేను మర్వలే, మీ బాపుకు చెప్పు, గోలిగూడ దిక్కు పాలు పొయ్యనీకి ఆటోల వేస్కొని పోతే ఆడికి పోయే వరకు సగం పాలు ఆటోవాడి కాళ్లకే స్నానం పోసింది, గిట్లనే అమ్మితే మీ దుకాణం ముంగటికి బర్రెలను తోల్కొస్త!"

పొద్దున మూడు మాటలకు ఒకసారి ఆగిన మనిషి. ఒక్కసారి కూడా ఆగలేదు. హవల్దారు పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నవ్వుకే వచ్చిన నీళ్లన్నాడు.

తొమ్మిదో రోజు మాకు వెనక్కి రమ్మని ఆర్డరు వచ్చింది. అంతకుముందే మల్లేష్ కొత్త పంపు తెచ్చుకున్నాడు. పెళ్లికారు పంపు తీసి ఖాజా భాయ్ కారుకు తిరిగి బిగించాం. ఈసారి లలిత దూరంగా నిలబడింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకొని, "నేనేం ముట్టుకోలే మేడం, చూడుండ్రి" అంది. ట్రక్కు కదులుతుంటే ఖాజా భాయ్ అరిచాడు: "మేడం, మీ షాదీకి కారు నాదే! ఫ్రీ!" సిపాయిలు ఈలలు వేశారు. నేను రెయిన్‌కోటు టోపీ ముక్కు దాకా లాక్కున్నాను.

నా సర్వీసు గడువు పూర్తయి ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు మధ్యాహ్నాలు మా బాపుతో దుకాణంలో కూర్చుంటాను. కారే క్యాను సంగతి చెబితే బాపు ముందు ఒప్పుకోలేదు. మా సరుకు కాదన్నాడు. మర్నాడు పొద్దున తానే ఒక కొత్త క్యాను నిండా నీళ్లు పోసి, గంటసేపు ఫుట్‌పాత్ మీద పెట్టి, చుట్టూ తిరిగి చూశాడు. చుక్క కారలేదు. దాన్ని తీసుకొని ఇద్దరం ఆ గుట్ట మీదికి పోయి ఇచ్చి వచ్చాం. యాదమ్మ అతని ముందే దాన్ని మళ్లీ నీళ్లతో నింపి చూసింది.

బజార్లో వాళ్లు మంచు గురించి అడిగినప్పుడు మంచు గురించే చెబుతాను. మర్యాద కోసం. నాతో ఉండిపోయింది మంచు కాదు. సాయంత్రం నయాపూల్ మీద బండ్లు ఎక్కడివక్కడే నిలిచిపోతాయి. ముందున్న కారుకు ఎర్రదీపాలు వెలగగానే వెనక వాళ్లంతా హారన్లు కొడతారు, తిట్టుకుంటారు. నేను స్కూటీ మీద ఉంటాను. ఆ రెండు దీపాలు ఆరేదాకా చూస్తూ ఉంటాను. వాన, తడి నేల మీద పాకే ఎరుపు, సగం వాలులో కదలకుండా నిలిచిన తెల్లటి కారు. ఆగింది అనుకుంటాను. అప్పుడు నా కుడికాలు వదులవుతుంది.